గొంతులో ఉండ, రిపోర్టులో అడ్డంకి: ఒక గ్లోబస్ కేసు

ఆమె వయసు 43, వృత్తి టీచర్. 14 నెలలుగా గొంతులో ఏదో ఉండ అడ్డం పడ్డట్టు ఉంటోందని వచ్చారు. ఈ బాధనే గ్లోబస్ అంటాం. చేతిలో మందపాటి ఫైలు ఉంది. అందులో అన్నిటికన్నా పైన పెట్టుకున్నది ఒక మానోమెట్రీ రిపోర్టు, అంటే అన్నవాహికలో ఒత్తిడి కొలిచే పరీక్షది. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట అడ్డంకి ఉందని దాని సారాంశం. ఆ కాగితం చూసి, అక్కడ మూతలా పనిచేసే కండరాన్ని, అంటే కింది స్ఫింక్టర్‌ని బెలూన్‌తో సాగదీయించుకోమని ఆమెకు సలహా ఇచ్చారు. తేదీ కూడా ఖాయమైంది. చేయించుకోవాలా వద్దా అన్నది ఒక్కటే ఆమె నన్ను అడిగిన ప్రశ్న.

గుర్తుపట్టేందుకు వీలున్న వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. రాయడానికి కారణం ఉంది. గొంతు బాధతో వచ్చినవాళ్లకి అన్నవాహిక పరీక్షలు వరసగా చేయిస్తూ పోతే, ఎక్కడో ఒకచోట ఏదో ఒక అంకె గీత దాటి కనిపిస్తుంది. ఆ అంకెకీ ఆ బాధకీ సంబంధం ఉందా లేదా అని తేల్చుకోకుండా చికిత్సకి దిగితే, లేని జబ్బుకి వైద్యం జరుగుతుంది, ఉన్న బాధ అలాగే ఉంటుంది.

ఆమె చెప్పింది, నేను చూసింది

"ఇక్కడ ఇరుక్కున్నట్టు ఉంటుంది డాక్టర్ గారూ. మింగితే దిగదు, కక్కితే రాదు" అంటూ రెండు వేళ్లతో గొంతు మధ్యలో, కంఠమణికి కాస్త కింద చూపించారు. నొప్పి లేదు. ఒక పక్కకే కాదు, సరిగ్గా మధ్యలో. పొద్దున లేవగానే ఉండదు. గంటా గంటన్నరకి మొదలవుతుంది, సాయంత్రానికి పెరుగుతుంది. క్లాసులు ఎక్కువగా ఉన్న రోజు మరీ ఎక్కువ.

గ్లోబస్ కేసులో నాకు అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: తినేటప్పుడు ఎలా ఉంటుంది? ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "తినేటప్పుడు అసలు గుర్తే ఉండదండీ. తినడం అయిపోయాక మళ్లీ వస్తుంది" అన్నారు. గట్టి ఆహారం ఆగుతుందా, ముద్ద దిగడానికి నీళ్లు తాగాల్సి వస్తుందా, ఇంట్లో అందరూ లేచిపోయాక కూడా మీరొక్కరే తింటూ ఉంటారా, మింగింది తిరిగి నోట్లోకి వస్తుందా, రాత్రి దగ్గుతో మెలకువ వస్తుందా అని విడివిడిగా అడిగాను. దేనికీ అవునని రాలేదు. బరువు తగ్గలేదు. గొంతు బొంగురుపోలేదు. చెవి పోటు లేదు. పొగ, మద్యం అలవాట్లు లేవు. మెడలో గడ్డలేమీ చేతికి తగల్లేదు.

ఈ ప్రశ్నలు విడివిడిగానే అడగాలి. "మింగడంలో ఇబ్బంది ఉందా?" అని ఒక్క ముక్కలో అడిగితే గ్లోబస్ ఉన్నవాళ్లలో సగం మంది ఉందనే అంటారు. వాళ్ల దృష్టిలో గుటక వేసినా ఉండ దిగకపోవడం కూడా మింగలేకపోవడమే. పాత ఫైల్లో "మింగడం కష్టం" అని ఒక లైను అలాగే చేరింది. ఆ ఒక్క లైనుతోనే తర్వాతి పరీక్షలన్నీ వేరే దారి పట్టాయి.

మాట్లాడుతున్నంతసేపూ ఆమెని గమనించాను. దాదాపు ప్రతి వాక్యం చివరా ఒక గుటక వేస్తున్నారు. గుటకకి ముందు గడ్డం కాస్త కిందికి దిగుతుంది, మెడ ముందు కండరాలు బిగుసుకుంటాయి, ఆ తర్వాత చిన్నగా గొంతు సవరించుకుంటారు. అలా చేస్తున్నట్టు ఆమెకే తెలీదు. గ్లాసుడు నీళ్లిచ్చి మామూలుగా తాగమన్నాను. గటగటా తాగేశారు, ఎక్కడా తడబాటు లేదు. గ్లాసు కింద పెట్టిన అర నిమిషానికి మళ్లీ ఖాళీ గుటకలు మొదలయ్యాయి.

ఫైల్లో ఉన్నవి

ఈఎన్‌టీ వాళ్లు కెమెరాతో గొంతు చూసి గడ్డలు, పుండ్లు లేవని రాశారు. స్వరపేటిక వెనక భాగం ఎర్రగా ఉందని, యాసిడ్ పైకి రావడమే (రిఫ్లక్స్) కారణమని తేల్చి రోజుకి రెండుసార్లు యాసిడ్ తగ్గించే పీపీఐ మాత్ర ఇచ్చారు. 5 నెలలు వాడినా గుణం కనబడలేదు. ఆ ఎరుపు గురించి ఒక మాట చెప్పాలి. గొంతు సవరించుకుంటూ ఉండేవాళ్లలోనూ, అలర్జీ ఉన్నవాళ్లలోనూ, ఏ బాధా లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంది. దాన్ని ఒక్కదాన్నే చూసి రిఫ్లక్స్ అని తీర్మానించడానికి వీల్లేదు.

మెడ స్కాన్‌లో థైరాయిడ్‌లో 4 మి.మీ. నాడ్యూల్ (చిన్న గడ్డ) కనిపించింది. అంత చిన్నవి ఎంతోమందికి ఉంటాయి, గొంతుకి అడ్డం పడవు. ఆమె మాత్రం కొన్ని వారాల పాటు కారణం అదేనని నమ్మి టెన్షన్ పడ్డారు. ఎండోస్కోపీ నార్మల్ అని రెండు లైన్లలో ఉంది. ఇవన్నీ అయ్యాక మానోమెట్రీ చేశారు.

మధ్యలో ఎవరో "ఇదంతా మీ మనసులోదే" అన్నారట. ఆ మాటకి ఆమె బాగా నొచ్చుకున్నారు. ఆ మాటకి శాస్త్రంలో ఆధారమూ లేదు. ఈ లక్షణానికి హిస్టీరియా ముద్ర చాలాకాలం ఉండేది. అయినా 1707లోనే పర్సెల్ అనే వైద్యుడు దీన్ని వర్ణిస్తూ మెడ కండరాలు బిగుసుకుని థైరాయిడ్ మృదులాస్థిని నొక్కడం వల్ల ఇలా అనిపిస్తుందని రాశాడు. 1968లో మాల్కమ్‌సన్ ఈ బాధ ఉన్న చాలామందిలో హిస్టీరియా వ్యక్తిత్వమేమీ లేదని చూపించి ఆ ముద్రని తీసేశాడు. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఈ బాధ పెరుగుతుంది, నిజమే. అంతమాత్రాన అది కల్పితం కాదు.

పాత మానోమెట్రీలో ఏముంది

మానోమెట్రీలో ముక్కు ద్వారా సన్నటి గొట్టం జీర్ణాశయం దాకా దించుతారు. దాని పొడవునా సెంటీమీటరుకి ఒకటి చొప్పున 36 సెన్సర్లు ఉంటాయి. పేషెంటు పడుకుని ఒక్కొక్కసారి 5 మి.లీ. నీళ్లు మింగుతూ ఉంటే, గొంతు నుంచి జీర్ణాశయం దాకా ఒత్తిడి ఎలా పెరిగి తగ్గుతోందో తెరమీద రంగుల్లో కనిపిస్తుంది. అందులో కింది స్ఫింక్టర్ ఎంత బాగా సడలుతోందో చెప్పే అంకెని ఐఆర్‌పీ అంటాం. మేం వాడే రకం గొట్టంతో, పడుకున్నప్పుడు 15 మి.మీ. పాదరసం దాటితే ఎక్కువ కింద లెక్క. కూర్చుని మింగితే ఆ హద్దు 12.

పాత రిపోర్టులో ఆమె ఐఆర్‌పీ 19. కిందికి నెట్టే కదలిక బాగుంది. కదలిక బాగుండి, స్ఫింక్టర్ సడలింపు తక్కువగా ఉంటే సాఫ్ట్‌వేర్ దానికదే "అడ్డంకి" అని చూపిస్తుంది. ఆ మాటే రిపోర్టులోకి ఎక్కింది.

మానోమెట్రీ ఫలితాల్ని జబ్బులుగా విడదీసే చికాగో వర్గీకరణకి 2021లో వచ్చిన నాలుగో కూర్పు సరిగ్గా ఇక్కడే గట్టి షరతులు పెట్టింది. పడుకుని చేసినప్పుడే కాదు, కూర్చోబెట్టి చేసినప్పుడు కూడా ఐఆర్‌పీ ఎక్కువగా ఉండాలి. పడుకుని మింగిన గుటకల్లో కనీసం ఐదో వంతుకి, మింగిన నీళ్ల వెనక ఒత్తిడి పేరుకున్నట్టు కనిపించాలి. అవన్నీ ఉన్నా దాన్ని కేవలం మానోమెట్రీలో దొరికిన విషయంగానే చూడాలి. జబ్బు అనాలంటే మనిషికి మింగడంలో ఇబ్బందో, గుండెకి సంబంధం లేని ఛాతీ నొప్పో ఉండాలి, బేరియం ద్రవం తాగించి ఎక్స్‌రే తీయడం లాంటి మరో పరీక్ష కూడా అదే చెప్పాలి. గొంతులో ఉండ ఉన్నట్టు అనిపించడం ఆ లక్షణాల్లో లేదు.

ఈ షరతులు ఊరికే పెట్టలేదు. పడుకున్నప్పుడు గొట్టం వంపు తిరిగి స్ఫింక్టర్ గోడకో డయాఫ్రమ్‌కో ఒత్తుకుంటే అంకె పెరుగుతుంది. జీర్ణాశయం కాస్త ఛాతీలోకి జారిన చిన్న హయాటస్ హెర్నియా ఉన్నా పెరగొచ్చు. ఓపియాయిడ్ జాతి నొప్పి మందులు స్ఫింక్టర్ సడలింపునే దెబ్బతీస్తాయి. ఆమెని అడిగితే, ఆ పరీక్ష జరిగిన వారంలో నడుము నొప్పికి ట్రమడాల్ వేసుకున్నారని తేలింది. పరీక్షకి ముందు ఏ మందులు వాడుతున్నారని ఎవరూ అడగలేదట. ట్రమడాల్ ప్రభావం ఆ జాతిలోని బలమైన మందులంత ఉండదు కాబట్టి 19 రావడానికి అదే కారణమని నేను అనను. కానీ ఆ విషయం తెలియకుండా ఆ అంకెని నమ్మలేం. పాత పరీక్షలో కూర్చోబెట్టి ఒక్క గుటక కూడా వేయించలేదు.

బెలూన్ పద్ధతి తేలికపాటిది కాదు. కింది స్ఫింక్టర్ సడలక తిండి దిగని అకలేసియా జబ్బు ఉన్నవాళ్లకి అది బతుకు మార్చే చికిత్స. అందులో అన్నవాహిక చిరిగే ప్రమాదం కొద్దిగానైనా ఉంటుంది, తర్వాత రిఫ్లక్స్ మొదలుకావచ్చు. మింగడంలో ఏ ఇబ్బందీ లేని మనిషికి ఆ ప్రమాదం ఎదురుగా పెట్టాలంటే కారణం గట్టిగా ఉండాలి. ఆమెకి అది లేదు. తేదీ వాయిదా వేయించుకోమని చెప్పి, మందులు ఆపించి, మళ్లీ పరీక్ష చేశాను.

మళ్లీ చేసిన పరీక్ష

గొంతు బాధ ఉన్నవాళ్లకి ముక్కులోంచి గొట్టం వేయడం అంటేనే భయం. గొట్టం గొంతు మలుపు దగ్గరికి వచ్చినప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, స్ట్రాతో నీళ్లు తాగుతూ ఉండమంటాం. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, ఒకసారి ఓకరింత వచ్చింది, అంతే దిగిపోయింది. తర్వాత వెంటనే రికార్డింగ్ మొదలుపెట్టలేదు. గొట్టం గొంతులో కొత్తగా ఉన్న మొదటి కొన్ని నిమిషాల్లో అన్నవాహిక పై కొసన ఉండే ఎగువ స్ఫింక్టర్ ఒత్తిడి ఎవరికైనా ఎక్కువే ఉంటుంది. గ్లోబస్ కేసులో ఆ నిమిషాలు వదిలేసి, మనిషి కుదుటపడ్డాక చూడాలి.

పడుకుని 10 గుటకలు: ఐఆర్‌పీ 16. హద్దుకి కాస్త పైనే. నీళ్ల వెనక ఒత్తిడి పేరుకోవడం ఒక్క గుటకలోనూ లేదు. అన్నవాహిక బిగింపు బలం చెప్పే డీసీఐ సగటు 1400. 450 నుంచి 8000 దాకా మామూలే. రెండు గుటకలు బలహీనంగా ఉన్నాయి. పదింట రెండు బలహీనంగా ఉంటే దాన్ని జబ్బు అనరు. సగం గానీ అంతకు మించి గానీ గుటకలు పూర్తిగా విఫలమైనా, లేదా పదింట ఏడుకి మించి సరిగా పనిచేయకపోయినా అప్పుడు ఆలోచించాలి.

కూర్చోబెట్టి 5 గుటకలు: ఐఆర్‌పీ 9. అడ్డంకి ప్రశ్న అక్కడే చాలావరకు తేలిపోయింది.

2 మి.లీ. చొప్పున గబగబా ఐదుసార్లు మింగించాను. మింగుతున్నంతసేపూ అన్నవాహిక నిశ్శబ్దంగా ఉండి, చివరి గుటక తర్వాత మామూలుకంటే బలంగా ఒక్క బిగింపు బిగించింది. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక చేసే పని అదే. 200 మి.లీ. నీళ్లు ఆపకుండా తాగించినప్పుడు కూడా కింది స్ఫింక్టర్ తెరుచుకునే ఉంది, ఒత్తిడి ఎక్కడా పైకి ఎగబాకలేదు.

ఇక సందేహం మిగలకూడదని బేరియం తాగించి నిలబెట్టి ఎక్స్‌రేలు తీయించాం. మొదటి నిమిషానికే దాదాపు ఖాళీ, 5 నిమిషాలకి చుక్క లేదు. 13 మి.మీ. బేరియం మాత్ర ఎక్కడా ఆగకుండా జీర్ణాశయంలోకి జారిపోయింది.

ఎగువ స్ఫింక్టర్ దగ్గర

ఈ కేసులో నాకు నిజంగా ఆసక్తి కలిగించిన భాగం ఇది. పాత రిపోర్టులో దీని గురించి ఒక్క ముక్క లేదు. అందరి చూపూ కింది స్ఫింక్టర్ మీదే ఉంది.

అన్నవాహిక పై కొసన క్రికోఫ్యారింజియస్ అనే కండరం ముఖ్యంగా, దాని పైనా కిందా ఉన్న కండరాలు కొంతవరకు కలిసి ఒక మూతలా పనిచేస్తాయి. మెలకువగా ఉన్నప్పుడు అది బిగిసి ఉంటుంది, మింగిన ప్రతిసారీ క్షణం పాటు తెరుచుకుని వెంటనే ముందుకంటే గట్టిగా మూసుకుంటుంది. నిద్రలో బాగా వదులవుతుంది. టెన్షన్‌లో బిగుసుకుంటుంది.

ఆమె ట్రేసింగ్‌లో, అంటే తెరమీద నమోదైన ఒత్తిడి బొమ్మలో, మింగినప్పుడు అది పూర్తిగా తెరుచుకుంటోంది, లోపం లేదు. గుటకలు లేని సమయంలో మాత్రం గాలి లోపలికి పీల్చిన ప్రతిసారీ ఒత్తిడి ఎగసి, వదిలినప్పుడు పడిపోతోంది. పీల్చేటప్పటికీ వదిలేటప్పటికీ తేడా 60 మి.మీ. పాదరసం దాకా ఉంది. తెరమీద ఎర్రటి పట్టీ ఊపిరితో పాటు ఉబ్బుతూ సన్నబడుతూ ఉంది. శ్వాసతో ఎగువ స్ఫింక్టర్ ఒత్తిడి ఇలా పెద్దగా ఊగడం గ్లోబస్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనబడుతుందని హై రిజల్యూషన్ మానోమెట్రీ వచ్చాక తెలిసింది. సగటు ఒత్తిడి విషయంలో మాత్రం ఇంత స్పష్టత లేదు. కొన్ని పరిశోధనల్లో ఎక్కువగా ఉంది, కొన్నింటిలో మామూలువాళ్లతో తేడా లేదు.

ఆమెని నెమ్మదిగా, పొట్ట కదిలేలా ఊపిరి తీయమని, భుజాలు వదిలేయమని చెప్పాను. రెండు మూడు నిమిషాల్లో ఊగిసలాట సగానికి సగం తగ్గింది. "ఇప్పుడెలా ఉంది?" అంటే, "గొట్టం తెలుస్తోంది, ఉండ మాత్రం తక్కువగా ఉంది" అన్నారు. ఇదే రుజువని నేను అనుకోను. గొట్టం గొంతులో పెట్టుకుని ఉన్న మనిషి మాట మీద అంత బరువు పెట్టకూడదు. కానీ చికిత్స ఎటు మొదలుపెట్టాలో అది నాకు చూపించింది. ఆమె కూడా ఆ తెరమీద తన గొంతు మారడం తన కళ్లతో చూశారు.

యాసిడ్ లెక్క

పీపీఐ ఆపేసి 7 రోజులయ్యాక 24 గంటల పీహెచ్, ఇంపీడెన్స్ పరీక్ష చేశాం. అన్నవాహికలోకి యాసిడ్, ద్రవాలు ఎంతసేపు, ఎన్నిసార్లు వస్తున్నాయో అది చెబుతుంది. రిఫ్లక్స్ ఉందని ముందే రుజువు కాని మనిషికి ఈ పరీక్ష మందు ఆపే చేయాలి. అన్నవాహికలో యాసిడ్ ఉన్న సమయం మొత్తంలో 1.2 శాతం. 4 శాతం లోపు మామూలు, 6 శాతం దాటితే జబ్బు. రిఫ్లక్స్ 27 సార్లు వచ్చింది. 40 లోపు మామూలే. ఆమె ఉండ బాధ ఎక్కువైన ప్రతిసారీ మీట నొక్కారు. ఆ సమయాలకీ రిఫ్లక్స్ వచ్చిన సమయాలకీ పొంతన కుదరలేదు. అన్నవాహిక లోపలి పొర ఆరోగ్యాన్ని చెప్పే ఇంపీడెన్స్ సగటు 2500 ఓములు దాటి ఉంది. 5 నెలలు వాడిన మందు ఎందుకు పనిచేయలేదో దీంతో తెలిసిపోయింది. దానికి అక్కడ పనే లేదు.

కొందరిలో యాసిడే కారణం, అందులో సందేహం లేదు. అన్నవాహిక కింది భాగంలోకి వచ్చిన యాసిడ్ కూడా వేగస్ నరం ద్వారా పైన గొంతులో ఉండ ఉన్నట్టు అనిపించేలా చేయగలదు. అందుకే ఛాతీ మంట, పులితేన్పులు ఉన్నవాళ్లకి కొన్ని వారాలు పీపీఐ ఇచ్చి చూడటం న్యాయమే. గుణం లేకపోతే డోసు పెంచుకుంటూ పోవడం సరికాదు. ఆపి, పరీక్ష చేయాలి.

ఎండోస్కోపీలో తప్పిపోయే చోటు

ఎండోస్కోపీ మళ్లీ చేయడానికి కారణం ఒకటే. ఎగువ స్ఫింక్టర్ దాటగానే ఉండే రెండు మూడు సెంటీమీటర్ల భాగం గురించి పాత రిపోర్టులో ఏమీ రాయలేదు. కొందరికి అక్కడ జీర్ణాశయపు పొర చిన్న మచ్చలా ఉంటుంది. ఇన్‌లెట్ ప్యాచ్ అంటాం. ఎరుపు కలిసిన గులాబీ రంగులో, అంచులు స్పష్టంగా ఉంటుంది. స్కోపు లోపలికి వెళ్లేటప్పుడు అది దొరకదు. బయటికి తీసేటప్పుడు చివర్లో ఆగి, గాలి కొంచెం నింపి చూడాలి. చాలామంది అప్పటికే స్కోపు లాగేస్తారు. అది ఉంటే గ్లోబస్ అనే నిర్ధారణ చేయకూడదు, ఎందుకంటే ఆ మచ్చని కాల్చి తీసేస్తే కొందరికి బాధ తగ్గుతుంది. ఆమెకి అది లేదు. బయాప్సీల్లో అలర్జీ తరహా వాపులో కనిపించే ఇసినోఫిల్ కణాలు కూడా లేవు.

నిర్ధారణ, ఇంకో పేషెంటు

ఇలాంటి జబ్బుల నిర్ధారణకి వాడే రోమ్ 4 ప్రమాణాల ప్రకారం గ్లోబస్ అనాలంటే నొప్పి లేని ఉండ, భోజనాల మధ్య వేళల్లో, కనీసం వారానికి ఒకసారైనా రావాలి. మింగడంలో ఇబ్బందీ నొప్పీ ఉండకూడదు. గొంతులో, అన్నవాహికలో పుండు, గడ్డ, ఇన్‌లెట్ ప్యాచ్ ఉండకూడదు. రిఫ్లక్స్, ఇసినోఫిలిక్ జబ్బు, పెద్ద కదలిక లోపాలు కారణం కాకూడదు. మొదలై 6 నెలలు దాటి, చివరి 3 నెలలూ ఇలాగే ఉండాలి. ఆమె విషయంలో ఒక్కటీ తప్పలేదు. పడుకుని చేసిన పరీక్షలో వచ్చిన 16 సంగతి ఫైల్లో రాసి, పక్కనే "లక్షణాలకి సంబంధం లేదు, చికిత్స అక్కర్లేదు" అని కూడా రాశాను. ఆ రెండో వాక్యం లేకపోతే రేపు ఇంకో డాక్టరు ఆ అంకె చూసి మళ్లీ మొదటికి తెస్తారు.

ఇది చదివి మానోమెట్రీ వల్ల ఉపయోగం లేదని ఎవరైనా అనుకుంటారేమోనని ఇంకో మనిషి సంగతి చెబుతాను. 50 దాటిన ఆయన కూడా గొంతులో ఇరుక్కున్నట్టుందనే వచ్చారు. చూపించిన చోటూ ఇంచుమించు ఇదే. ఆయనకీ గ్లోబస్ అనే చీటీ ఉంది. తినేటప్పుడు ఎలా ఉంటుందని అడిగితే ఆయన కంటే ముందు భార్య అందుకున్నారు: "ముద్ద ముద్దకీ నీళ్లు తాగుతారండీ. గంట పడుతుంది ఆయన తినేసరికి. రాత్రిళ్లు దిండు తడిసిపోతుంది." మానోమెట్రీలో కింది స్ఫింక్టర్ సడలనే లేదు, కిందికి నెట్టే కదలిక ఒక్కటీ లేదు, మింగిన ప్రతిసారీ అన్నవాహిక మొత్తం ఒకేసారి ఒత్తిడితో నిండుతోంది. రెండో రకం అకలేసియా. అడ్డు ఉన్నది ఛాతీ అడుగున, తెలిసింది గొంతు దగ్గర. అన్నవాహిక కింది భాగంలో అడ్డు మెడ దగ్గర ఉన్నట్టు అనిపించడం మామూలే, కాబట్టి వేలు పెట్టి చూపించిన చోటుని బట్టి జబ్బు ఎక్కడుందో తేల్చకూడదు. ఆయనకి బెలూన్ చికిత్సే చేశాం, హాయిగా తింటున్నారు.

ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టారు, ఇద్దరి రిపోర్టుల్లోనూ ఐఆర్‌పీ ఎక్కువే. తేడా తెలిసింది భోజనం గురించి అడిగినప్పుడు. అందుకే, మాత్ర వాడినా తగ్గని గ్లోబస్‌లో, మింగడంలో ఏ కొంచెం తేడా ఉన్నా నేను మానోమెట్రీ తప్పక చేయిస్తాను. మింగడం బాగుండి, ఈఎన్‌టీ పరీక్ష బాగుండి, బరువు తగ్గడం లాంటి ప్రమాద సూచనలు లేకపోతే, మొదటి విజిట్‌లోనే గొట్టం వేయమని అడగను. ఈమెకి చేయాల్సి వచ్చింది పాత రిపోర్టు వల్లే.

చెప్పిన తీరు, ఇచ్చిన చికిత్స

"అన్నీ నార్మల్" అని చెప్పి పంపేస్తే గ్లోబస్ పేషెంటు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు. వాళ్లకి ఉండ నిజంగా తెలుస్తోంది, మనం లేదంటున్నాం. ఆమెకి ట్రేసింగ్ ముందు పెట్టి వివరించాను. మీ అన్నవాహిక బాగుంది, కింద అడ్డంకి లేదు, యాసిడ్ లేదు, క్యాన్సర్ లేదు. పైనున్న మూత మాత్రం ఊపిరి ఊపిరికీ ఎక్కువగా బిగుస్తోంది, దాన్ని మీరు వేసే ఖాళీ గుటకలు ఇంకా రెచ్చగొడుతున్నాయి.

ఖాళీ గుటకల సంగతి నమ్మకం కలిగేలా చెప్పాలంటే చేయించడమే మేలు. నీళ్లు లేకుండా వరసగా నాలుగైదు గుటకలు వేయమన్నాను. నాలుగోది కష్టమైంది, ఐదోది పడనే లేదు, గొంతులో ఉండ పెరిగింది. పక్కనే కూర్చున్న ఆమె భర్తని కూడా అలాగే చేయమన్నాను. ఏ బాధా లేని ఆయన కూడా ఐదో గుటక దగ్గర గొంతు పట్టుకున్నారు. నోట్లో ఉమ్మి అయిపోయాక గుటక మొదలవదు, ప్రతి గుటక తర్వాతా మూత గట్టిగా బిగుస్తుంది. ఆ బిగింపే ఉండలా తెలుస్తుంది, దాన్ని దించడానికి మళ్లీ గుటక వేస్తాం. ఆమె భర్త వైపు చూసి, "నాకు రోజంతా ఇదే" అన్నారు. నా మాటల కంటే ఆ ఐదు గుటకలే ఎక్కువ పనిచేశాయని నా అభిప్రాయం.

పీపీఐ ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు యాసిడ్ ఎగదన్నవచ్చు. పరీక్ష కోసం ఆపినప్పుడు ఆమెకి కాస్త మంట వచ్చింది కూడా. అది రెండు వారాల్లో తగ్గుతుందని ముందే చెప్పడంతో కంగారు పడలేదు. మాత్ర మళ్లీ మొదలుపెట్టలేదు. థైరాయిడ్ నాడ్యూల్‌ని పట్టించుకోవాల్సిన పని లేదని రాసిచ్చాను.

అసలు చికిత్స స్పీచ్ థెరపిస్టు చేతిలో జరిగింది. గుటక వేయాలనిపించినప్పుడు ఒక చిన్న గుక్క నీళ్లు తాగడం, లేదా నోరు తెరిచి ఆవులించినట్టు ఊపిరి వదలడం. గొంతు సవరించుకోవాలనిపిస్తే పెదాలు మూసి మెల్లగా హమ్ చేయడం. మెడ, దవడ, నాలుక మొదట్లోని కండరాలు వదులు చేసే వ్యాయామాలు. క్లాసులో గట్టిగా మాట్లాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో శిక్షణ. ఆమె రోజుకి అయిదారు పీరియడ్లు అరిచినట్టే మాట్లాడేవారు, ప్రతి వాక్యానికీ పైఛాతీతో గాలి లాగేవారు. థెరపిస్టు మొదట పట్టుకున్నది అదే.

రాత్రిపూట 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్ గురించి కూడా చెప్పాను. గొంతులోంచి వచ్చే సంకేతాలని మెదడు అతిగా తీసుకోకుండా అది సాయపడుతుంది, ఇంత తక్కువ మోతాదు డిప్రెషన్ కోసం ఇచ్చేది కాదు. నోరు ఎండిపోవడం దాని దుష్ఫలితాల్లో ఒకటి. ఖాళీ గుటకలతోనే సతమతమయ్యే మనిషికి నోరు ఎండితే ఇబ్బందే. ముందు వ్యాయామాలు చేసి చూస్తానన్నారు, సరే అన్నాను.

తర్వాత

మూడు నెలలకి వచ్చినప్పుడు ఉండ పూర్తిగా పోలేదు. వారంలో రెండు మూడు రోజులు, సాయంత్రం పూట కాసేపు ఉంటోంది. బాధ తీవ్రతకి పదికి ఏడు వేసుకునేవారు, ఇప్పుడు రెండు వేశారు. మాట్లాడుతున్నప్పుడు గుటకలు దాదాపు కనిపించలేదు. అమిట్రిప్టిలిన్ అవసరం పడలేదు.

ఆ తర్వాత ఒకసారి జలుబు చేసి గొంతు నొప్పి వచ్చినప్పుడు ఉండ మళ్లీ పాత స్థాయికి వచ్చింది. కంగారుగా ఫోన్ చేసి, ఎండోస్కోపీ మళ్లీ చేయించుకోవాలా అని అడిగారు. తినడం ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందన్నారు. పరీక్ష వద్దని, వ్యాయామాలు మళ్లీ మొదలుపెట్టమని చెప్పాను. జలుబుతో పాటే అదీ తగ్గింది.

మళ్లీ పరీక్షలు ఎప్పుడు చేయాలన్నది ఆమె ఫైల్లో మొదటి పేజీలో రాసి ఉంది: ముద్ద ఆగితే, మింగుతుంటే నొప్పి వస్తే, బరువు తగ్గితే, గొంతు మూడు వారాలకి మించి బొంగురుగా ఉంటే, బాధ ఒక పక్కకే తెలిస్తే. చివరిసారి వచ్చినప్పుడు వాటిని ఒక్కొక్కటిగా చదివి అడిగాను, ఒక్కటీ లేదు. తర్వాతి అపాయింట్‌మెంట్ ఆరు నెలల తర్వాతకి ఇచ్చాను.